వెలిగిన కాంప్లెక్స్, ఆరిన కణాలు: ఒక యూరోపియం కేసు

మా పరిశోధక విద్యార్థిని చీకటి గదిలో 365 నానోమీటర్ల ల్యాంప్ కింద రెండు సీసాలు పక్కపక్కన పెట్టి నన్ను పిలిచింది. ఎడమ సీసాలో టోలీన్‌లో కరిగించిన యూరోపియం కాంప్లెక్స్, అంటే యూరోపియం అనే లోహపు అయాన్‌ను లిగాండ్లనే అణువులు చుట్టూ పట్టుకుని ఉన్న సమ్మేళనం, నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతోంది. కుడి సీసాలో అదే కాంప్లెక్స్‌ను పొదిగిన సిలికా నానోకణాలు, పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో. నిన్న సాయంత్రం గులాబీ రంగులో మెరిశాయట. ఇప్పుడు నీళ్లు కలిపిన పాలలా ఉన్నాయి, అంతే.

"యూరోపియం కణాల్లోంచి కారిపోయినట్టుంది మేడమ్" అంది.

నాకూ అలాగే అనిపించింది. ఇద్దరి ఊహా తప్పే. అసలు సంగతి తేలడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో దాదాపు నెల రోజులు స్పెక్ట్రోమీటర్ సృష్టించిన ఒక దొంగ శిఖరం చుట్టూ తిరిగాం. ఎవరైనా ఇదే దారిలో వెళ్తుంటే ఆ నెలైనా మిగులుతుందని ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

పదార్థం

యూరోపియం 3+ అయాన్ ఎరుపు దాని 4ఎఫ్ ఎలక్ట్రాన్లది. అవి 5ఎస్, 5పీ ఎలక్ట్రాన్ల చాటున ఉంటాయి కాబట్టి చుట్టూ ఏ లిగాండ్ కట్టినా ఉద్గార గీతల చోటు పెద్దగా మారదు. 580, 592, 612, 650, 700 నానోమీటర్ల ప్రాంతాల్లో సన్నటి గీతలు వస్తాయి. వాటి బలాబలాలు మాత్రం పరిసరాన్ని బట్టి బాగా మారతాయి. ఈ కేసులో మనకు పనికొచ్చిన సాక్ష్యం అక్కడే ఉంది.

చిక్కేమిటంటే, ఎఫ్ నుంచి ఎఫ్‌కు జరిగే సంక్రమణాలను లాపోర్ట్ నియమం ఒప్పుకోదు. అందుకే ఒట్టి యూరోపియం అయాన్ కాంతిని పట్టుకోవడంలో చాలా బలహీనం. కాంతిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే మోలార్ శోషణ గుణకం ఒక మామూలు సేంద్రియ రంగు అణువుకు పదివేలల్లో ఉంటే, దీనిది 1 దగ్గరో ఇంకా కిందో ఉంటుంది. కాబట్టి కాంతిని లిగాండ్ పట్టుకుని లోహానికి అందించాలి. సేంద్రియ లిగాండ్ శోషించిన కాంతితో యూరోపియం వెలుగుతుందని 1942లో వైస్‌మన్ చూపించారు. ఇప్పుడు దాన్నే యాంటెన్నా ప్రభావం అంటున్నాం.

మేం వాడిన యాంటెన్నా థీనాయిల్‌ట్రైఫ్లోరోఅసిటోన్, ల్యాబ్ భాషలో టీటీఏ. యూరోపియం వెలుగు బయల్దేరే శక్తి స్థాయి 17,250 సెం.మీ.⁻¹ (ఇక్కడ శక్తికి వాడే కొలమానం) దగ్గర ఉంటే, టీటీఏ ట్రిప్లెట్ స్థాయి, అంటే లిగాండ్ నుంచి లోహానికి శక్తి దిగే మెట్టు, దానికి 3,000 పైచిలుకు ఎత్తులో ఉంటుంది. ఈ ఎత్తు సరిగ్గా కుదిరినట్టు. మరీ తక్కువైతే శక్తి వెనక్కి పోతుంది. టెర్బియంతో అదే జరుగుతుంది. దాని ఉద్గార స్థాయి టీటీఏ ట్రిప్లెట్‌కు దాదాపు సమానం కాబట్టి టీటీఏతో ఆకుపచ్చ వెలుగు రాబట్టాలని చూడటం దండగ. ఒక్కో యూరోపియానికి మూడు టీటీఏలు, ఫినాంత్రోలిన్ అనే ఇంకో లిగాండ్ ఒకటి. అన్నీ రెండేసి చోట్ల పట్టుకుంటాయి కాబట్టి మొత్తం ఎనిమిది బంధాలు. నీటికి చోటు లేదు. కాగితం మీద.

తయారీ చాలామందికి తెలిసిందే. వేడి ఇథనాల్‌లో టీటీఏను సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేసి, ఫినాంత్రోలిన్ వేసి, యూరోపియం క్లోరైడ్ ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపితే లేత పసుపు పొడి దిగుతుంది. దీంతో మాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

జీవ నమూనాల్లో గుర్తుగా వాడేందుకు దీన్ని నానోకణాల్లో పెట్టాలనుకున్నాం, దానికి మొదటి కారణం కాల వ్యవధి. జీవ నమూనాలు యూవీ కింద వాటంతట అవే వెలుగుతాయి, కానీ ఆ వెలుగు నానోసెకన్లలో చచ్చిపోతుంది. యూరోపియం వెలుగు మిల్లీసెకను దాకా సాగుతుంది. ల్యాంప్ ఆగాక కొంచెం ఆగి కొలిస్తే మిగిలేది యూరోపియం ఒక్కటే. ఒక్కో కణంలో వేల కాంప్లెక్స్‌లు కూరితే సిగ్నల్ అన్ని రెట్లు. పైగా ఎఫ్ గీతల శోషణ బలహీనం కాబట్టి, మామూలు రంగు అణువుల్లా దగ్గర దగ్గరగా కూర్చుని ఒకదాని వెలుగును ఇంకొకటి మింగేసే బాధ ఇక్కడ తక్కువ. సిలికాను ఎంచుకున్నది దాని ఉపరితలం మీద అమైన్ సమూహాలు కట్టడం తేలిక కాబట్టి. మాకు చేయి తిరిగిన పని కూడా అదే. నిజం చెప్పాలంటే ఆ రెండో కారణమే ఎక్కువ పనిచేసింది.

మొదటి అనుమానం, దొంగ శిఖరం

కణాలను 1968లో స్టోబర్, ఫింక్, బోన్ చెప్పిన పద్ధతిలోనే చేశాం. ఇథనాల్, నీరు, అమ్మోనియా, అందులో సిలికాకు ముడిసరుకైన టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్. కాంప్లెక్స్‌ను ముందే ఇథనాల్‌లో కరిగించి ఉంచాం, సిలికా పెరిగేటప్పుడు లోపల చిక్కుకుపోతుందని. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ముత్యాల్లాంటి గుండ్రటి కణాలు. ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ఇక అంతా సరిగ్గానే ఉందని నమ్మేశాం. మంచి మైక్రోస్కోప్ ఫోటో చేసే చెడుపు అంతా ఇంతా కాదు.

వెలుగు తగ్గిందని తెలిశాక ఆ అమ్మాయి ఎక్సైటేషన్ స్పెక్ట్రమ్ తీసింది. అంటే ఉద్గారాన్ని 612 దగ్గర కాపు కాస్తూ, ఏ తరంగదైర్ఘ్యంతో వెలిగిస్తే ఎక్కువ వస్తుందో చూడటం. టోలీన్‌లోని కాంప్లెక్స్‌కు 340 నుంచి 380 దాకా వెడల్పాటి కొండలా వచ్చింది. కణాలకు ఆ కొండ బాగా కుంగిపోయి, 306 దగ్గర సూదిలాంటి కొత్త శిఖరం లేచింది.

అది చూసి మాకు ఉత్సాహం వచ్చింది. టీటీఏ పోయి ఫినాంత్రోలిన్ మాత్రమే లోహాన్ని పట్టుకుని ఉందేమో, ఇది దాని యాంటెన్నా ఏమో అని కథ అల్లేశాం. కణాలు ఎక్కువ వేస్తే శిఖరం పెరిగింది. కథ బలపడింది. మూడు వారాల పాటు ఆ 306 చుట్టూ ప్రయోగాలు చేశాం.

చివరికి అందరికంటే చిన్న విద్యార్థి అడిగాడు: "అక్కా, యూరోపియం వేయని ఖాళీ సిలికా తీశావా?" తీయలేదు. తీస్తే, యూరోపియం జాడే లేని ఒట్టి సిలికాకు కూడా 306 దగ్గర అదే సూది, అదే ఎత్తు.

306ను రెండుతో గుణిస్తే 612. కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసే మోనోక్రోమేటర్‌లోని గ్రేటింగ్ 612కు అమర్చినప్పుడు దానిలో సగం తరంగదైర్ఘ్యాన్ని కూడా రెండో క్రమంలో పంపిస్తుంది. కణాలు ల్యాంప్ కాంతిని అన్ని వైపులా చెదరగొడతాయి. 306 దగ్గర వెలిగించినప్పుడు ఆ చెదిరిన కాంతి యూరోపియం వేషం కట్టుకుని డిటెక్టర్‌లోకి వచ్చింది. కణాలు ఎక్కువైతే చెదరడం ఎక్కువ, శిఖరం ఎక్కువ. తేటగా ఉన్న టోలీన్ ద్రావణంలో చెదరడం లేదు కాబట్టి అక్కడ శిఖరం లేదు. ఉద్గారం వైపు 400 కంటే తక్కువను ఆపే ఫిల్టర్ ఒకటి పెట్టగానే సూది మాయమైంది. ఈ విషయాన్ని నేను తరగతిలో ఏటా చెబుతాను. నా ల్యాబ్‌లో నా కళ్లముందే మూడు వారాలు జరిగింది.

నీటి చుక్క

ఆ తర్వాత స్పెక్ట్రోమీటర్ పక్కన పెట్టి, ల్యాంప్, కళ్లతో మళ్లీ మొదలుపెట్టాం. ఇథనాల్‌తో కడిగి ఆరబెట్టిన కణాల పొడిని వాచ్ గ్లాస్ మీద పలచగా పరిచాం. ల్యాంప్ కింద లేత ఎరుపు. మధ్యలో ఒక్క చుక్క నీరు వేశాం. చుక్క పడినంత మేర రంగు మసకబారింది. అంచున పొడి ఎర్రగానే ఉంది. నీటి గుండ్రం ఎంత పాకితే మసక అంత పాకింది.

దాన్ని వ్యాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి పొద్దున చూస్తే వెలుగు తిరిగొచ్చింది. కానీ పూర్తిగా కాదు. మధ్యలో చంద్రుడి మచ్చలా ఒక తేడా మిగిలిపోయింది.

ఈ రెండు ముక్కల్లో కేసు సగం ఉంది. తిరిగొచ్చిన భాగం, నీరు దగ్గరికి వచ్చి వెలుగును మింగి మళ్లీ వెళ్లిపోయిన భాగం. తిరిగి రాని భాగంలో కాంప్లెక్సే చెడిపోయింది. ఒకే 'తగ్గుదల' వెనక రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. తీవ్రత ఒక్కటే కొలుస్తూ కూర్చుంటే వీటిని ఎప్పటికీ విడదీయలేం.

నీరు యూరోపియం వెలుగును ఎలా మింగుతుంది? ఉత్తేజిత స్థాయికి, దాని కింద ఉన్న స్థాయిల్లో పై మెట్టుకు మధ్య దూరం దాదాపు 12,300 సెం.మీ.⁻¹. నీటిలోని ఓ-హెచ్ బంధం కంపన శక్తి 3,400 చుట్టూ. నాలుగు గంతుల లోపే ఆ దూరం దాటి, శక్తి అంతా వేడిగా పోతుంది. హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీటిని భారజలం అంటాం. అందులో ఓ-డి బంధానిది 2,500 కాబట్టి ఐదు గంతులు కావాలి. గంతులు పెరిగేకొద్దీ అవకాశం బాగా పడిపోతుంది. ఒట్టి యూరోపియం అయాన్ వెలుగు మామూలు నీటిలో 0.11 మిల్లీసెకన్లు నిలిస్తే భారజలంలో 4 దాకా నిలుస్తుంది. ఇంత తేడా రసాయనశాస్త్రంలో అరుదుగా దొరుకుతుంది. దాన్ని కొలబద్దగా వాడుకోవచ్చని హారాక్స్, సడ్నిక్ 1979లోనే చూపించారు.

భారజలంతో కొలత

పద్ధతి వినడానికి చాలా తేలిక. వెలుగు ఆయుష్షును మిల్లీసెకన్లలో కొలిచి, 1ని దానితో భాగిస్తే వెలుగు ఆరే రేటు వస్తుంది. నీటిలో రేటులోంచి భారజలంలో రేటు తీసేయాలి. లోహాన్ని అంటిపెట్టుకోకుండా చుట్టూ తిరిగే నీటి ప్రభావం కింద ఇంకో 0.31 తీసేయాలి. మిగిలినదాన్ని 1.11తో గుణిస్తే లోహానికి నేరుగా అంటుకున్న నీటి అణువుల సంఖ్య. ఈ 1.11, 0.31 అంకెలు 2002లో సప్‌కోవ్‌స్కీ, హారాక్స్ సవరించి ఇచ్చినవి.

చేయడం అంత తేలిక కాలేదు. మొదటిసారి నీటిలో, భారజలంలో దాదాపు ఒకే ఆయుష్షు వచ్చింది. 'నీరు కారణం కాదు' అని రాసేయబోయాం. తీరా చూస్తే కణాలను భారజలంతో ఒక్కసారే కడిగారు. సిలికా రంధ్రాల్లో మామూలు నీరు అలాగే ఉండిపోయింది. పైగా భారజలం సీసా మూత సరిగ్గా లేక ఎన్నాళ్లుగా గాలిలో తేమ తాగుతోందో తెలియదు. కొత్త సీసా తెరిచి, మూడుసార్లు కడిగి, ప్రతిసారీ కొన్ని గంటలు నాననిచ్చాక తేడా బయటపడింది.

ఇంకో పొరపాటు లెక్కలో జరిగింది. వెలుగు ఆరే వక్రానికి ఒకే ఘాతాంక ప్రమేయం సరిపెట్టారు. ల్యాంప్ ఆగిన మొదటి క్షణాల్లో ల్యాంప్ తోక, సిలికా సొంత వెలుగు కూడా అందులో కలిసి ఉన్నాయి. మొదటి 0.1 మిల్లీసెకను వదిలేసి, నిలువు అక్షాన్ని లాగరిథమ్‌లో గీయమన్నాను. సరళరేఖ రావాల్సిన చోట మోకాలు వంగినట్టు స్పష్టమైన వంపు వచ్చింది. రెండు రకాల యూరోపియం ఉందన్నమాట.

ఒక రకం నీటిలో 0.62, భారజలంలో 0.83 మిల్లీసెకన్లు. లెక్క వేస్తే 0.1 నీటి అణువు, అంటే సున్నా. వీటికి ఏమీ కాలేదు, లోపల పొడిగా కూర్చున్నాయి. రెండో రకం నీటిలో 0.25, భారజలంలో 1.0. దీనికి లెక్క సరిగ్గా 3 ఇచ్చింది. కాగితం మీద నీటికి చోటే లేని కాంప్లెక్స్‌కు మూడు నీటి అణువులు.

ఈ 3ను నేను అక్షరాలా నమ్మను. ఆ సమీకరణాన్ని ద్రావణంలో విడివిడిగా ఉన్న కాంప్లెక్స్‌లతో సరిచూశారు. సిలికా గోడల మీద నీటితో పాటు సిలనాల్ సమూహాలు, అంటే సిలికాన్‌కు అంటిన ఓ-హెచ్‌లు, కూడా ఉంటాయి. వాటి ఓ-హెచ్ కూడా భారజలంలో ఓ-డిగా మారిపోతుంది, లెక్కలోకి నీటిలాగే వస్తుంది. కానీ సున్నా కాదన్నది ఖాయం. ఒకటో అరో లిగాండ్ ఊడిపోకుండా అంత ఖాళీ ఏర్పడదు.

స్పెక్ట్రమ్ కూడా అదే చెప్పింది. 592 గీత అయస్కాంత ద్విధ్రువ స్వభావంది, పరిసరం ఎలా ఉన్నా దాని బలం దాదాపు మారదు. 612 గీత పరిసరం సౌష్ఠవం తప్పేకొద్దీ విజృంభిస్తుంది. అందుకే మొదటిదాన్ని తూకపు రాయిగా పెట్టి రెండోదాన్ని తూస్తాం. ఆరోగ్యంగా ఉన్న కాంప్లెక్స్‌లో 612 గీత పది రెట్లకు పైనే ఉంటుంది. మా కణాల్లో ఆరు రెట్లకు పడిపోయింది. 580 దగ్గరి చిన్న గీత ఒక రకం యూరోపియానికి ఒక్కటే రావాలి. స్లిట్ బాగా సన్నం చేసి తీస్తే పక్కనే రెండో గీత భుజంలా కనిపించింది.

నేరం ఎక్కడ జరిగింది

కొన్ని యూరోపియాలు లిగాండ్లు పోగొట్టుకున్నాయని తేలింది. ఎప్పుడు పోగొట్టుకున్నాయన్నది తేలాలి.

బఫర్‌లో పెట్టకముందు, అప్పుడే చేసి కడిగిన కణాలను కొలిస్తే అప్పటికే ఆ 0.25 మిల్లీసెకన్ల రకం ఉంది. అంటే నష్టం తయారీలోనే మొదలైంది. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. స్టోబర్ పద్ధతిలో అమ్మోనియా వల్ల పీహెచ్ 11 చుట్టూ ఉంటుంది. యూరోపియానికి హైడ్రాక్సైడ్ అంటే ప్రాణం. గంటల తరబడి అలాంటి ద్రావణంలో కలియబెడుతూ, కాంప్లెక్స్ చెక్కుచెదరకుండా ఉంటుందని ఎలా అనుకున్నామో ఇప్పుడు నాకే అర్థం కాదు. టీటీఏ క్షారంలో తనంతట తానే ముక్కలవుతుంది కూడా, ఒక పక్క ట్రైఫ్లోరోఅసిటేట్‌గా, ఇంకో పక్క అసిటైల్‌థయోఫీన్‌గా. ఒక పరీక్ష చేశాం. సిలికా ఏమీ లేకుండా కాంప్లెక్స్ ద్రావణంలో అదే మోతాదు అమ్మోనియా, నీరు వేసి వదిలేశాం. ల్యాంప్ కింద చూస్తుండగానే వెలుగు దిగుతూ వచ్చింది, కొన్ని గంటలకు అడుగున తెల్లటి మడ్డి చేరింది. ఈ పరీక్షకు ఒక పూట పడుతుంది. మొదటి రోజే చేయాల్సింది.

ఇక బఫర్‌లో రాత్రికి రాత్రి ఆరిపోవడం రెండో నేరం. కణాలను మూడు భాగాలు చేసి ఒకటి ఒట్టి నీటిలో, ఒకటి పీహెచ్ 7.4 ట్రిస్ బఫర్‌లో, ఒకటి అదే పీహెచ్ ఫాస్ఫేట్ బఫర్‌లో పెట్టాం. మర్నాటికి నీటిలోవి కొంచెం తగ్గాయి, ట్రిస్‌లోవి ఇంకొంచెం తగ్గాయి, ఫాస్ఫేట్‌లోవి దాదాపు ఆరిపోయాయి.

మూడింటినీ సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరిన ద్రవాన్ని విడిగా తీశాం. యూరోపియం కారిపోయిందన్న మొదటి ఊహను ఇక్కడే పరీక్షించాలి. ప్రతిదేహాలతో చేసే పరీక్షల్లో (ఇమ్యునోఅస్సేల్లో) వాడే పాత కిటుకు ఒకటి ఉంది. ద్రవంలో ఒట్టి యూరోపియం ఉంటే దానికి డైకీటోన్ లిగాండ్, ట్రైఆక్టైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్, సబ్బులాంటి ట్రైటాన్ ఎక్స్-100 కలిపితే అక్కడికక్కడే వెలుగుతుంది. ఫాస్ఫీన్ ఆక్సైడ్ నీటిని నెట్టేసి ఆ చోట్లో కూర్చుంటుంది, సబ్బు బుడగ మొత్తాన్ని కప్పుతుంది. కొంచెం ఆమ్లంగా ఉంచి చేయాలి.

ఒట్టి నీటి సీసాలోంచి తేర్చిన ద్రవం రంగులేకుండా ఉంది, ల్యాంప్ కింద చీకటి. కిటుకు ద్రావణం రెండు చుక్కలు వేయగానే పల్చటి ఎరుపు పొగలా వ్యాపించింది. కొంత యూరోపియం నిజంగానే బయటికి వచ్చిందన్నమాట, కానీ కొద్దిగా. ఫాస్ఫేట్ సీసాది వంతు వచ్చింది. అందరికంటే ఎక్కువ ఆరిపోయిన కణాలు ఇవే కాబట్టి ఎర్రగా భగ్గుమంటుందని ఎదురుచూశాం. ఏమీ రాలేదు. ఇంకో రెండు చుక్కలు. చీకటే.

"మరి యూరోపియం ఎక్కడికి పోయింది మేడమ్?"

ఫాస్ఫేటే కిటుకును చెడగొడుతోందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి కణాలను ఆమ్లంలో కరిగించి, ఏ మూలకం ఎంత ఉందో కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రానికి పంపాం. యూరోపియం ఎక్కడికీ పోలేదు. దాదాపు అంతా కణాల్లోనే ఉంది.

పోయింది లిగాండ్. అదే తేరిన ద్రవాన్ని మామూలు యూవీ శోషణ యంత్రంలో పెడితే 340 దగ్గర టీటీఏ పట్టీ నిక్షేపంగా కనిపించింది. టీటీఏ పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్ వదిలి అయాన్లయ్యే పీహెచ్, 6.2 చుట్టూ. పీహెచ్ 7.4లో అది అయాన్ రూపంలో హాయిగా నీటిలో తిరగగలదు. దాన్ని బయటికి తోసేవాడు దొరకాలి, అంతే. ఆ తోసేవాడు ఫాస్ఫేట్. యూరోపియం ఫాస్ఫేట్ నీటిలో కరగదు కాబట్టి లోహం ఉన్నచోటే ఫాస్ఫేట్‌గా గడ్డకట్టి సిలికా రంధ్రాల్లోనే ఉండిపోయింది. యాంటెన్నా లేని లోహానికి 365 ల్యాంప్ కాంతి కనిపించదు. ల్యాంప్ కింద తెల్లటి పాలు, లోపల పూర్తి మోతాదు యూరోపియం.

స్టోబర్ సిలికాను అందరం గట్టి గోళీ అనుకుంటాం. ఫాస్ఫేట్ అయాన్లు లోపలికి, టీటీఏ బయటికి ఒక్క రాత్రిలో నడవగలిగితే అది గోళీ కాదు, స్పాంజి.

మార్చింది

రెండు దారులు కనిపించాయి. ఒకటి, లిగాండ్‌ను వదలని గుప్పిటలా మార్చడం. అంటే వలయాకారపు లిగాండ్‌లో లోహాన్ని బంధించి, దాన్ని సిలేన్‌తో సిలికాకు సమయోజనీయంగా కట్టడం. రెండు, లిగాండ్ అలాగే ఉంచి ఇంటిని మార్చడం, నీరు, ఫాస్ఫేట్ రాలేని చోట పెట్టడం. మొదటి దారి సరైనది, కానీ సంశ్లేషణ పొడవు. ఆ అమ్మాయికి మిగిలిన సమయం లెక్కేసి రెండోదే తీసుకున్నాం.

పాలీమిథైల్ మెథాక్రిలేట్, అందులో ఒకటి రెండు శాతం మెథాక్రిలిక్ ఆమ్లం కలిసిన పాలిమర్. దాన్ని, కాంప్లెక్స్‌ను కలిపి అసిటోన్‌లో కరిగించి, వేగంగా తిప్పుతున్న నీటిలోకి ఒక్క తోపున సిరంజితో పంపించాం. పాలిమర్‌కు నీరు పడదు కాబట్టి క్షణంలో నానోకణాలుగా ముడుచుకుంటుంది. నీరు పడని కాంప్లెక్స్ కూడా దాంతో పాటే లోపల చిక్కుకుంటుంది. ఉపరితలానికి వచ్చిన ఆమ్ల సమూహాల రుణావేశం వల్ల కణాలు ఒకదానికొకటి అంటుకోవు. అమ్మోనియా లేదు, గంటల తరబడి కలియబెట్టడం లేదు. తర్వాత అసిటోన్‌ను ఆవిరి చేయడమే.

మొదటి రెండు బ్యాచ్‌లు గడ్డకట్టాయి. అసిటోన్‌లో పాలిమర్ మరీ చిక్కగా తీసుకున్నాం, చుక్కచుక్కగా పోశాం. పల్చన చేసి, చుక్కలు మానేసి ఒకేసారి పోశాక సరిపోయింది. ఈ పద్ధతిలో కలిసే వేగమే కణం పరిమాణాన్ని తేలుస్తుంది. ఎవరు పోశారన్నదాన్ని బట్టి కూడా పరిమాణం మారుతోందని గమనించాక సిరంజి పంప్ పెట్టాం.

ఈసారి మైక్రోస్కోప్ కంటే ముందు భారజలం దగ్గరికే వెళ్లాం. నీటిలో 0.66, భారజలంలో 0.70 మిల్లీసెకన్లు. లాగరిథమ్ గీతలో మోకాలు లేదు. సమీకరణంలో వేస్తే మైనస్ 0.25 వచ్చింది. "మైనస్ నీళ్లేంటి మేడమ్?" అని నవ్వింది. ఆ 0.31 సవరణ చుట్టూ తిరిగే నీటి కోసం పెట్టింది. ఇక్కడ చుట్టూ తిరగడానికి కూడా నీరు లేదు కాబట్టి లేని అప్పును తీసేసినట్టయింది. నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన అంకె ఆ మైనస్సే.

612 గీత మళ్లీ పది రెట్లు దాటింది. ఫాస్ఫేట్ బఫర్‌లో వారం ఉంచాక ల్యాంప్ కింద మొదటి రోజుకూ ఏడో రోజుకూ కంటికి తేడా తెలియలేదు. తేరిన ద్రవంలో టీటీఏ పట్టీ లేదు.

మిగిలినవి

కొత్త కణాలకూ ఒక జబ్బు ఉంది, అది పాతదే. టీటీఏ యూవీ కింద మెల్లగా చెడిపోతుంది. ఒకే క్యూవెట్‌ను ఒకే ఉదయం పదేపదే కొలిస్తే ప్రతిసారీ కొంచెం తక్కువ వస్తుంది. బఫర్‌లో నిలకడ చూస్తున్నామనుకుంటూ నిజానికి ల్యాంప్ చేసిన నష్టాన్ని కొలిచే ప్రమాదం ఉంది. సిలికా కణాల పాత లెక్కల్లో ఇది ఎంత కలిసిందో ఇప్పుడు విడదీయలేం. అందుకే ఆ రోజుల్లో తీసిన తీవ్రత గ్రాఫులన్నీ థీసిస్‌లోంచి తీసేయించాను, ఆయుష్షు కొలతలు మాత్రం ఉంచాం. ఇప్పుడు కొలత కొలతకూ మధ్య షట్టర్ మూసేస్తున్నాం, ప్రతి రోజుకూ వేరే గొట్టంలో పక్కన పెట్టిన తాజా నమూనా వాడుతున్నాం.

రెండోది, పాలిమర్ ఉపరితలం మీద ప్రతిదేహాలు కట్టడం సిలికా అంత తేలిగ్గా లేదు. ఉన్న కొద్దిపాటి ఆమ్ల సమూహాలే కణాలను విడివిడిగా నిలబెడుతున్నాయి. వాటిని బంధాలకు వాడేస్తే కణాలు గడ్డకడుతున్నాయి. పాలిమర్ కణం మీద పల్చటి సిలికా తొడుగు వేయొచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. అమ్మోనియా సీసా వైపు చూసి ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. తటస్థ పీహెచ్ దగ్గర సిలికా పెంచే దారులు చదువుతోంది. వలయాకారపు లిగాండ్ పని ఆ ఖాళీ సిలికా ప్రశ్న అడిగిన కుర్రవాడికి అప్పగించాను.